మర్యాద తెలిసిన చెయ్యి

హోఖ్‌టాల్ రాష్ట్ర ముఖ్యమంత్రి ఇగ్నాజ్ బ్రూలి గారు ఈస్టర్‌కు మూడు నెలల ముందు ఒక సోమవారం ఉదయం, తెల్లగుర్రం హోటల్ భోజనాల హాల్లో, తమ రాష్ట్రాన్ని ప్రపంచ నరాల రాజధానిగా ప్రకటించారు. ఆ చారిత్రక ప్రకటన విన్నవారిలో ప్రజాప్రతినిధులు ఆరుగురు, పత్రికా ప్రతినిధి ఒకరు, హోటల్ వారి పిల్లి ఒకటి ఉన్నాయి. పిల్లి మధ్యలో లేచి వెళ్ళిపోయింది గానీ మిగతావారు చివరిదాకా కూర్చున్నారు.

స్విట్జర్లాండ్ పటంలో హోఖ్‌టాల్ మీద వేలు పెడితే రాష్ట్రం కనిపించదు, వేలే కనిపిస్తుంది. అంత చిన్న రాష్ట్రానికి అంత పెద్ద ముఖ్యమంత్రి దొరకడం అదృష్టమే. ఆయన వృత్తిరీత్యా పశువుల డాక్టరు. పొద్దున ఆవులకు కాన్పు చేస్తారు, మధ్యాహ్నం రాష్ట్రాన్ని పాలిస్తారు. రెండింటికీ ఒకటే జత రబ్బరు బూట్లు వాడతారు. ఈ పొదుపు చూసే జనం ఆయన్ని మళ్ళీ మళ్ళీ గెలిపిస్తున్నారు.

ఆయన పక్కన జ్యూరిక్ నుంచి వచ్చిన కంపెనీ డైరెక్టర్ డాక్టర్ వీగాండ్ నిలబడి, గోడకు కట్టిన తెరమీద బొమ్మలు వేసి చూపించాడు. చెయ్యి లేనివాడికి నరాలతో పనిచేసే చెయ్యి, చెవిటివాడికి నరాలతో వినే చెవి, నడవలేనివాడికి నరాలతో వేసే అడుగు. ఈ వస్తువుల ప్రపంచ మార్కెట్ ఎలా పెరుగుతోందో చూపడానికి ఒక ఎర్ర బాణం గీశాడు. ఆ బాణం తెర దాటి, గోడ ఎక్కి, పైన వేలాడదీసిన దుప్పి తల దగ్గర, సరిగ్గా దాని చెవిలో ఆగింది.

"చూశారా, దుప్పికి కూడా వినపడబోతోంది," అన్నారు ముఖ్యమంత్రి. ఆరుగురు ప్రజాప్రతినిధులూ బల్లలు చరిచారు.

కంపెనీ అడిగేది ఎక్కువేం కాదు. ఊరందరి ఆవులూ వేసవిలో మేసే సెన్‌మాట్ పచ్చికను ఫ్యాక్టరీ కట్టుకోవడానికి ఇచ్చేయాలి. ఇవ్వాలంటే ఏప్రిల్ ఆఖరి ఆదివారం జరిగే ప్రజాసభ ఒప్పుకోవాలి. హోఖ్‌టాల్‌లో ఓటంటే పెట్టెలో కాగితం వెయ్యడం కాదు. జనమంతా చర్చి ముందు మైదానంలో నిలబడతారు, మగవాళ్ళు తాతల నాటి కత్తి నడుముకు కట్టుకుని వస్తారు, ముఖ్యమంత్రి అడిగినప్పుడు కుడి చెయ్యి ఎత్తుతారు. ఎడమ చెయ్యి కత్తి పిడి మీద ఉండాలి. ఎక్కువ చేతులు ఎటున్నాయో వేదిక మీది పెద్దలు కళ్ళతో చూసి చెప్పేస్తారు.

"కానీ ఫ్యాక్టరీకి ముందు ఇక్కడ మాకు రోగులు కావాలి," అన్నాడు వీగాండ్. "స్థానికులు. ఫొటోల్లో పడేవాళ్ళు."

ముఖ్యమంత్రి మొహం వాడిపోయింది. ఆ విషయంలో రాష్ట్రం పరిస్థితి దారుణంగా ఉంది, అందరూ ఆరోగ్యంగా ఉన్నారు. ఆయన దిగులుగా హాలంతా కలియజూసి, మూల బల్ల దగ్గర ఎడమ చేత్తో కాఫీ తాగుతున్న బాప్టిస్ట్ మాజెనావర్ మీద చూపు ఆపారు.

"బాప్టిస్ట్, నీకు కుడి చెయ్యి లేదు కదూ?"

"లేదండీ."

"ఎంత చల్లని మాట చెప్పావయ్యా," అన్నారు ముఖ్యమంత్రి. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

బాప్టిస్ట్ చెయ్యి కొన్నేళ్ళ క్రితం గడ్డి మోపులు కట్టే యంత్రంలో పోయింది. పనికి అతనికి పెద్ద లోటు రాలేదు. కొండమీదికి పోయే తాడుబండికి టికెట్లు చింపి ఇవ్వడం అతని ఉద్యోగం, దానికి ఒక చెయ్యీ పళ్ళూ చాలు. లోటంతా యాస్ ఆటలో వచ్చింది. యాస్ అంటే నలుగురు కూర్చుని ఆడే పేకాట. తలా తొమ్మిది ముక్కలు, ఎదురుబొదురు కూర్చున్నవాళ్ళు జోడీ. ముక్కల్ని ఒక చేత్తో విసనకర్రలా పట్టుకోవాలి, ఇంకో చేత్తో బల్ల అదిరేలా కొట్టాలి. ఒంటిచేత్తో పట్టుకుంటే కొట్టలేడు, కొడదామంటే పట్టుకోలేడు. అంతవరకు అతని జోడీ సొంత అక్క రెజీనా. చెయ్యి పోయిన నెలకే ఆమె వేరే జోడీ చూసుకుంది. బాప్టిస్ట్‌ను మాత్రం పక్కన కూర్చోబెట్టి పలక మీద పాయింట్లు రాయమంది. అన్ని ఆదివారాలూ అతను సుద్దముక్క పట్టుకుని, ఇతరులు పాడుచేసుకుంటున్న మంచి ముక్కల్ని చూస్తూ కుమిలిపోయాడు.

అందుకే, "ఆ చెయ్యి తొమ్మిది ముక్కలు పట్టుకుంటుందా?" అని ఒక్కటే ప్రశ్న అడిగాడు.

"పద్దెనిమిది పట్టుకుంటుంది," అన్నాడు వీగాండ్. "సభలో తీర్మానం గెలిస్తే జన్మంతా మీదే. ఓడితే జ్యూరిక్ తిరిగెళ్ళిపోతుంది."

రెండో రోగిని ముఖ్యమంత్రి స్వయంగా వెతికి పట్టుకున్నారు. ఆయన పేరు కొల్లర్, ఊళ్ళో అందరికంటే ముసలివాడు, యువకుడిగా ఉన్నప్పటి నుంచీ బొత్తిగా చెవుడు. ఈ కొల్లర్‌కి రాష్ట్ర రాజకీయాల్లో ఒక స్థానం ఉంది. హోఖ్‌టాల్ జనానికి దేనికైనా అందరికంటే ముందు చెయ్యెత్తడం మహా నామోషీ. 'వీడికేం తొందర' అనుకుంటారని భయం. కొల్లర్‌కి ఆ బాధ లేదు. ఆయన సభలో ముఖ్యమంత్రి నోటినే చూస్తూ నిలబడతాడు. ఆ నోరు మూసుకోగానే చెయ్యెత్తుతాడు. ఆయన్ని చూసి పక్కవాడు, పక్కవాణ్ణి చూసి ఆ పక్కవాడు. రాష్ట్రంలో రోడ్లు, బడి, కొత్త అగ్నిమాపక బండి, అన్నీ అలా వచ్చినవే.

అలాంటి మనిషికి కపాలంలో యంత్రం పెట్టించి చెవులు తెప్పించారు ముఖ్యమంత్రి. ఎంత దూరదృష్టి అని పత్రిక రాసింది.

బాప్టిస్ట్‌కు కూడా జ్యూరిక్‌లో కోత పెట్టి, భుజం దగ్గరి నరాలకు తీగలు కలిపి, చెయ్యి తగిలించి పంపారు. నల్లగా నిగనిగలాడుతోంది. తెల్లగుర్రంలో అందరి ముందూ వీగాండ్ అతని చేతికి చన్నీళ్ళ గ్లాసు అందించాడు. వేళ్ళు మెల్లగా ముడుచుకుని గ్లాసును పట్టుకున్నాయి.

"ఏమనిపిస్తోంది?"

బాప్టిస్ట్ గ్లాసును అటూ ఇటూ తిప్పి చూశాడు. "చల్లగా ఉంది," అన్నాడు చివరికి. పోయిందనుకున్న చోట చలి వేస్తోంది. అతనికి పట్టలేనంత సంతోషం వేసి, పెద్దగా ఏడ్చేశాడు.

"ఏడిస్తే ఏడిచావు గానీ ఇటు తిరిగి ఏడువు," అంది రెజీనా, పేక కలుపుతూ. "ముక్కలు తడుస్తాయి."

ఆ ఆదివారం అక్కాతమ్ముళ్ళు మళ్ళీ జోడీ కట్టారు. ఎదుటి జోడీ పోస్ట్‌మన్ ఎమిలూ హోటల్ యజమాని జెప్పూ. మొదటి ఆట ఓడారు. రెండోదీ ఓడారు. మూడోదానికి రెజీనా తమ్ముడి కొత్త చేతిని కళ్ళు చిట్లించి చూసింది. యాస్‌లో అన్నిటికంటే పెద్ద ముక్కయిన తురుపు జాకీ వచ్చినప్పుడల్లా దాని బొటనవేలు తాళం వేస్తోంది. చెత్త ముక్కలు వస్తే చిటికెనవేలు వేలాడిపోతోంది.

"మేం నీ మొహం చూడటం ఎప్పుడో మానేశాం బాప్టిస్ట్," అన్నాడు ఎమిల్ దయగా. "చెయ్యి చూస్తే చాలుతోంది."

"ఒరేయ్, నీ మొహానికి అబద్ధమాడటం వచ్చు. నాన్న పోలిక," అంది రెజీనా. "ఈ చేతికి వంశమంటూ ఏడిస్తే కదా."

మర్నాడే బాప్టిస్ట్ వెళ్ళి వీగాండ్‌కు ఫిర్యాదు చేశాడు. అప్పుడక్కడే ఉన్న ముఖ్యమంత్రి పేపరు చదువుతున్నవారల్లా తలెత్తారు.

"అంటే మనసులో ఏముంటే అది చేసేస్తుందా?"

"అదే కదండీ దాని గొప్పతనం," అన్నాడు వీగాండ్.

"ప్రజాసభలో కూడా?"

ముఖ్యమంత్రి కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "బాప్టిస్ట్, సెన్‌మాట్ పచ్చిక కంపెనీకి ఇవ్వడం గురించి నీ మనసులో ఏముంది నాయనా?"

ముగ్గురూ చేతివైపు చూశారు. అది సగం దాకా లేచింది. అంతలో బాప్టిస్ట్‌కు ఆ పచ్చికలో మేసే అక్క ఆవులు రెండూ గుర్తొచ్చాయి. చెయ్యి కిందికి దిగింది. కానీ తీర్మానం ఓడితే చెయ్యి పోతుందని గుర్తొచ్చింది. మళ్ళీ లేచింది. బావిలో చేదలాగా కాసేపు అలా పైకీ కిందికీ ఆడింది.

"ఇది ప్రజాస్వామ్యానికి పనికిరాదు," అన్నారు ముఖ్యమంత్రి చెమట తుడుచుకుంటూ.

కంపెనీ వాళ్ళు తల బద్దలు కొట్టుకుని దానికి మర్యాద నేర్పించారు. వేలి కణుపుల్లో చిన్న చిన్న గాజు కళ్ళు అమర్చారు. ఇక ఆ చెయ్యి చుట్టుపక్కల చేతుల్ని చూసి, నలుగురూ ఏం చేస్తే అదే చేస్తుంది. మొదటి పరీక్ష చర్చిలో జరిగింది. అందరూ జోడిస్తే జోడించింది, అందరూ పాటల పుస్తకం తీస్తే తీసింది, చందా పళ్ళెం వచ్చినప్పుడు అందరితోపాటు జేబులోకి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఇంత సంస్కారం మామూలు చేతులకు ఎక్కడ వస్తుందని ఫాదర్ గారు మెచ్చుకున్నారు.

పేకాటలో కూడా తాళం మానేసింది. ముక్కల్ని బుద్ధిగా పట్టుకుంటోంది. బాప్టిస్ట్ ఎడమ చేత్తో కొడుతూ వరసగా మూడు ఆటలు గెలిచాడు. రెజీనా అతనికి తన సాసేజ్‌లో సగం కోసి పెట్టింది. అక్క అలా పెట్టడం చిన్నప్పుడు కూడా ఎరగడు. ఈ చెయ్యి ఎలాగైనా తనకే ఉండిపోవాలని, దానికోసం తీర్మానం గెలవాలని, అతను ఆ రోజే కొవ్వొత్తి వెలిగించి మొక్కుకున్నాడు.

"నీ చెయ్యి నీకుంటే నా ఆవులెక్కడ మేస్తాయిరా?" అంది రెజీనా.

"మరి నేనుండకపోతే నీకు జోడీ ఎవరే అక్కా?"

ఆమె ఆలోచించింది. "ఆవులకు ఎండుగడ్డి పెట్టుకుంటాలే," అంది.

సభ రోజుకల్లా ఊరంతా పోస్టర్లు వెలిశాయి. వాటిమీద ఆకాశంలోకి ఎత్తిన నల్లటి చెయ్యి, కింద ముఖ్యమంత్రి సొంతంగా రాసిన వాక్యం: 'సైన్స్ చెయ్యెత్తేదాకా ఆగండి. తర్వాత మీరెత్తండి.' మైదానం ముందువరసలో జున్ను తొట్టి బోర్లించి, దానిమీద బాప్టిస్ట్‌ను నిలబెట్టారు. తాతగారి కత్తి, ఇస్త్రీ చొక్కా, కుడివైపు నిగనిగలాడే చెయ్యి. అంత ఎత్తునుంచి చూస్తే మైదానం టోపీలతో నిండిపోయి ఉంది.

నల్ల అంగీలో, ఎత్తైన నల్ల టోపీలో ముఖ్యమంత్రి వేదికమీద నిలబడి గొంతు సవరించుకున్నారు.

"సెన్‌మాట్ పచ్చికను కంపెనీవారికి ఇచ్చే తీర్మానాన్ని సమర్థించేవారు చేతులెత్తండి."

ఆయన నోరు మూశారు. జనం అలవాటుగా ముసలి కొల్లర్ వైపు చూశారు. కొల్లర్ చేతులు కట్టుకుని ఉన్నాడు.

"ఎన్నేళ్ళకి ఇస్తున్నారు?" అని అడిగాడు.

"కొల్లర్ గారూ, మీరు చెయ్యెత్తాలి."

"వినపడిందయ్యా. వినపడింది కాబట్టే అడుగుతున్నా."

జనం ఇక పోస్టర్‌లో చెప్పినట్టు బాప్టిస్ట్ వైపు తిరిగారు. మైదానమంతా అతని చేతినే చూసింది. అతని చెయ్యి మైదానాన్నంతా చూసింది. ఎత్తినవాడు ఒక్కడూ దానికి కనబడలేదు. మర్యాదగా వేలాడుతూ ఉండిపోయింది.

'లే, లేవే, నీకు దణ్ణం పెడతా' అని బాప్టిస్ట్ మనసులో మొత్తుకున్నాడు. భుజం దగ్గర నరాలు జివ్వున లాగాయి గానీ వేలు కూడా కదల్లేదు. పోనీ ఎడమదైనా ఎత్తుదామని కత్తి మీదనుంచి చెయ్యి తీశాడు. కింద కాపలా ఉన్న బంట్రోతు కర్రతో ఆ చేతిమీద మెల్లగా తట్టాడు.

"ఎడమది కత్తిమీదే ఉండాలి. చట్టం."

"అయ్యా, నా కుడిది లేవట్లేదు."

"అది నీకూ సైన్స్‌కీ మధ్య వ్యవహారం," అన్నాడు బంట్రోతు.

"వ్యతిరేకించేవారు?" అని అడిగారు ముఖ్యమంత్రి. ఒక్క చెయ్యీ లేవలేదు. ఎక్కడో ఆవు గంట మోగింది. ముఖ్యమంత్రి లెక్క చెప్పే పెద్దలవైపు వంగారు.

"ఎలా ఉంది?"

పెద్దలు గుసగుసలాడుకున్నారు. "హోరాహోరీగా ఉందండీ," అన్నారు.

హోరాహోరీ అయితే మళ్ళీ అడగాలని చట్టం. మళ్ళీ అడిగారు. "సమర్థించేవారు?" మళ్ళీ జనం కొల్లర్‌ను చూశారు.

"ఇన్నేళ్ళూ నేను చెయ్యెత్తింది ఇలాంటివాటికా?" అని కొల్లర్ పక్కవాణ్ణి అడుగుతున్నాడు. "ఆ అగ్నిమాపక బండి కూడా నేనేనా? ఊళ్ళో ఎప్పుడైనా ఏదైనా అంటుకుందా అసలు?"

జనం బాప్టిస్ట్‌ను చూశారు, బాప్టిస్ట్ చెయ్యి జనాన్ని చూసింది. వేదికమీద వీగాండ్ నోట్లో గోళ్ళు పెట్టుకున్నాడు. ముఖ్యమంత్రి టోపీ కింద చెమట ధారకట్టింది. అంత కంగారులోనూ ఆయన విధి మరవలేదు.

"వ్యతిరేకించేవారు చేతులెత్తండి," అంటూ టోపీ తీసి నుదురు తుడుచుకుందామని కుడి చెయ్యి పైకెత్తారు.

బాప్టిస్ట్ భుజం దగ్గర ఏదో కదిలింది. అతను చూస్తుండగానే నల్ల చెయ్యి సర్రున ఆకాశంలోకి లేచింది. అతను ఎడమ చేత్తో దాన్ని కిందికి లాగబోయాడు, బంట్రోతు మళ్ళీ తట్టాడు. అప్పటికే ముందు వరస చేతులు లేచాయి, ఆ వెనక వరసవీ లేచాయి, చర్చి మెట్లమీది ఆడవాళ్ళు లేపారు, ఆరుగురు ప్రజాప్రతినిధులు లేపారు. కొల్లర్ కూడా కాస్త ఆలోచించి లేపాడు. ముఖ్యమంత్రి చెయ్యి ఇంకా టోపీ అంచు దగ్గరే ఉంది. దించితే మాట తప్పినట్టవుతుందని ఆయన అలాగే ఉంచేశారు.

"ఏకగ్రీవం," అన్నారు పెద్దలు.

బాప్టిస్ట్ తొట్టి దిగి అక్క దగ్గరికి వెళ్ళాడు. "నేనెత్తలేదే అక్కా. అదే ఎత్తింది."

రెజీనా తన చేతివంక చూసుకుంది. అది ఇంకా గాల్లోనే ఉంది. "నాదీ అంతేరా," అంది.

రెండు రోజుల తర్వాత వీగాండ్ చెయ్యి తీసుకుపోవడానికి వచ్చాడు. పచ్చిక దక్కనివాడు ఏడుపుమొహంతో వస్తాడనుకున్నాడు బాప్టిస్ట్. తీరాచూస్తే అతను పెళ్ళికొడుకులా ఉన్నాడు.

"పచ్చిక మాకిప్పుడు చిన్నదైపోయింది. సభ వీడియో ప్రపంచమంతా చూసింది మాజెనావర్ గారూ. ఫోన్లు ఆగడంలేదు. ఆర్డర్లే ఆర్డర్లు."

"అంతమందికి చేతులు లేవా పాపం?"

"రోగులు కాదండీ. ప్రభుత్వాలు. పార్టీలు. పెద్ద పెద్ద పార్లమెంట్లు. మొదటి ఆర్డరు మీ ముఖ్యమంత్రిగారిదే."

"వాళ్ళందరికీ చేతులున్నాయి కదయ్యా."

"ఉన్నాయి," అన్నాడు వీగాండ్. "అదే వాళ్ళ సమస్య."

బాప్టిస్ట్‌కు ఆశ కలిగింది. అన్ని తయారు చేసేవాళ్ళు తనకొకటి ఇవ్వకపోతారా? "మరి నాకు? పాతదైనా ఫరవాలేదు. మర్యాద లేకపోయినా ఫరవాలేదు. వేళ్ళకు చలి తెలిస్తే చాలు."

"మీరు రోగుల విభాగంలోకి వస్తారు," అన్నాడు వీగాండ్ జాలిగా. "ఆ విభాగం నిన్న మూసేశాం. అక్కడ మార్కెట్ లేదు." అని, సెలవు తీసుకుంటూ చెయ్యి చాపాడు. నల్ల చెయ్యి వెంటనే తనూ ముందుకు సాగి అతని చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు వదలకముందే అతను రెండో చేత్తో భుజం దగ్గర మీట నొక్కి, దాన్ని ఊడదీసి పెట్టెలో పెట్టుకున్నాడు.

వెళ్ళేముందు కంపెనీ తరఫున ఒక కానుక ఇచ్చి వెళ్ళాడు. జేగురు రంగు అట్టపెట్టె, దానిమీద బంగారు అక్షరాల్లో 'నాడీరహిత పట్టు పరికరం'. లోపల జానెడు చెక్కముక్క ఉంది. దానికి పొడుగునా రంపంతో కోసిన గాడి ఉంది. గాడిలో తొమ్మిది పేకముక్కలు నిలబడతాయి.

ఆ వారం పత్రికలో మొదటి పేజీ నిండా ముఖ్యమంత్రిగారి ప్రకటన వచ్చింది. హోఖ్‌టాల్‌లో చెయ్యి లేని పౌరులందరికీ పూర్తి పునరావాసం కల్పించామని, ఈ ఘనత సాధించిన మొదటి రాష్ట్రం తమదేనని అందులో ఉంది.

ఆదివారం బాప్టిస్ట్ చెక్కను బల్లమీద పెట్టుకుని అక్క ఎదురుగా కూర్చున్నాడు. ముక్కలు గాడిలో గుచ్చాడు. ఎమిలూ జెప్పూ చెక్కకేసి చాలాసేపు చూశారు. అది బొటనవేలు ఆడించలేదు.

"ఎలా ఉందిరా?" అంది రెజీనా.

బాప్టిస్ట్ ఎడమ చేత్తో దాన్ని నిమిరాడు.

"చెక్కలా ఉంది," అన్నాడు.

"అయితే కొట్టు," అంది ఆమె. అతను తురుపు జాకీ తీసి బల్ల అదిరేలా కొట్టాడు.